కంపెనీ బిల్లు లేని బండికి నంబరు ఇవ్వరా?

పాత స్కూటర్ ఇంజిను, ఆటో చక్రాలు, ఇనుప గొట్టాలు జోడించి ఓ మెకానిక్కో, పాలిటెక్నిక్ విద్యార్థో సొంతంగా నాలుగు చక్రాల బండి తయారుచేస్తాడు. జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. నాయకులు శాలువా కప్పుతారు. ఏటా ఎక్కడో ఒకచోట ఇది జరుగుతూనే ఉంది. ఆ సందడి సద్దుమణిగాక మిగిలే ప్రశ్న ఒక్కటే: దీన్ని రిజిస్టర్ చేస్తారా? రవాణా శాఖ జవాబూ ఒక్కటే: కుదరదు. 2021 డిసెంబరులో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రె గ్రామానికి చెందిన దత్తాత్రేయ లోహార్ సుమారు రూ.60 వేల ఖర్చుతో తయారుచేసిన బండి గురించి దేశమంతా మాట్లాడుకుంది. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా ఆయన నేర్పును మెచ్చుకుంటూనే, నిబంధనలకు విరుద్ధం కనుక అధికారులు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని ఆపేస్తారని కూడా చెప్పారు. ఆ బండి తీసుకుని 2022 జనవరిలో బదులుగా బొలెరో ఇచ్చారు. ఆ ఔదార్యం వల్ల ఒక కుటుంబానికి మేలు జరిగింది. చట్టం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. అలాంటి బండి తయారుచేసిన మరొకరికి ఈ రోజుకీ అదే జవాబు వస్తుంది.

ఆ జవాబుకు కారణం అధికారుల మొండితనం అనుకుంటే పొరపాటు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఏ మోటారు వాహనాన్నీ బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. రిజిస్ట్రేషన్ కోసం ఫారం 20 దరఖాస్తుకు జతగా ఫారం 21 కావాలి. అది అమ్మకపు ధ్రువపత్రం. ఫారం 22 కూడా కావాలి. వాహనం కాలుష్య, భద్రతా ప్రమాణాలకు తగినట్టు ఉందని తయారీదారు ఇచ్చే హామీ అది. ఇవి రావాలంటే అంతకుముందే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన కింద ఆ నమూనా వాహనం పుణెలోని ఆరాయ్, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల్లో పరీక్ష నెగ్గి ఉండాలి. వేల సంఖ్యలో ఒకే రకం బండ్లు చేసే కంపెనీకి ఆ ఖర్చు ఒక్కో బండిపై పంచుకుంటే తేలిపోతుంది. ఒక్క బండి చేసుకున్నవాడికి అది బండి ఖరీదుకు ఎన్నో రెట్లు. పైగా అతనికి అమ్మకపు ధ్రువపత్రం ఎవరిస్తారు? అతను దాన్ని ఎవరి దగ్గరా కొనలేదు కదా. తయారీదారు వేరు, యజమాని వేరు అనే ఊహ మీదనే మన నిబంధనలన్నీ నిలబడ్డాయి. ఇద్దరూ ఒక్కరే అయినప్పుడు ఏం చేయాలో వాటిలో లేదు.

న్యాయస్థానాలు కూడా ఉన్న చట్టాన్నే ఖరారు చేశాయి. ఉత్తర భారతంలో నీటిపంపుల ఇంజిన్లతో తిరిగే ‘జుగాడ్’ బండ్లు మోటారు వాహనాల కిందికే వస్తాయని, రిజిస్ట్రేషన్, బీమా లేకుండా తిరగరాదని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. 2019 జనవరిలో కేరళకు చెందిన జయచంద్ర కేసులో, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 52వ సెక్షన్‌ను కచ్చితంగా అన్వయించింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతిలేని మార్పులకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల చొప్పున జరిమానా విధించింది. చట్టాన్ని పట్టించుకోని వారికి ఈ కట్టడి అవసరమే. చట్టం ప్రకారం నడుచుకోవాలనుకునే వాడికి దారి చూపకపోవడమే ఇక్కడున్న లోపం.

అధికారులు వ్యక్తంచేసే భయాలను తేలిగ్గా తీసేయలేం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇంతమందిని పొట్టనపెట్టుకుంటున్న రోడ్ల మీదికి వెల్డింగ్ నాణ్యత తెలియని, బ్రేకులు ఎవరూ పరీక్షించని బండ్లను ఎలా వదలాలి? దొంగిలించిన వాహనాల భాగాలకు ఇదో ముసుగు కాదా? సొంతానికి అని రిజిస్టర్ చేయించుకుని రేపు ప్రయాణికులను ఎక్కించుకుంటే? నిజానికి జుగాడ్ కథ అదే. సొంత పొలం పనికి పుట్టిన బండి ఊళ్ల మధ్య జనాన్ని చేరవేసే కిరాయి వాహనమైంది. ప్రమాదం జరిగితే పరిహారం చెల్లించే బీమా కంపెనీ ఉండదు. చక్రాల కింద పడినవాడి కుటుంబానికి తయారీదారు ప్రతిభతో పనిలేదు. ఈ వాదనల్లో ప్రతిదానికీ బలముంది. అయితే ఇవన్నీ తనిఖీ, గుర్తింపు, బీమా, వినియోగంపై ఆంక్షలు ఉండాలని చెప్పే వాదనలు. ఇవే భయాలున్న దేశాలు నిషేధం దాకా వెళ్లకుండా ఆ నాలుగింటినీ ఏర్పాటు చేసుకున్నాయి.

బ్రిటన్‌లో ఒక్క వాహనానికి విడిగా ఆమోదం ఇచ్చే ‘ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్’ పద్ధతి 2009 నుంచి ఉంది. అంతకుముందున్న ‘సింగిల్ వెహికల్ అప్రూవల్’ స్థానంలో అది వచ్చింది. సొంతానికి బండి చేసుకున్న వ్యక్తి దాన్ని తనిఖీ కేంద్రానికి తీసుకెళ్తాడు. బ్రేకులు, సీటు బెల్టు కొక్కేల పటుత్వం, పాదచారిని గీరేసే పదునైన అంచులు, దీపాలు, శబ్దం, పొగ, అన్నిటినీ అక్కడ ఒక్కొక్కటిగా చూస్తారు. ఢీకొట్టి చూసే పరీక్ష ఉండదు. ఒక్కటే ఉన్న బండిని పగలగొట్టి ప్రయోజనం లేదని వారికి తెలుసు. విడిభాగాల రసీదులు, తయారీ దశల ఫొటోలు చూపించాలి. బండి వయసో, పుట్టుపూర్వోత్తరాలో తేలకపోతే ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. దాన్ని చూసి కొనబోయేవాడు జాగ్రత్తపడతాడు. జర్మనీ రోడ్డు వాహనాల నిబంధనల్లోని 21వ విభాగం కింద, గుర్తింపు పొందిన నిపుణుడి నివేదిక ఆధారంగా ఒక్క వాహనానికే అనుమతి దొరుకుతుంది. న్యూజిలాండ్‌లో తక్కువ సంఖ్యలో తయారయ్యే వాహనాలను శిక్షణ పొందిన సర్టిఫయర్లు పరీక్షిస్తారు. ఆ పరీక్ష నెగ్గినట్టు ఒక లోహపు ఫలకాన్ని బండికే బిగిస్తారు.

అమెరికాలో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ‘ప్రత్యేకంగా నిర్మించిన వాహనం’ అనే తరగతే ఉంది. యజమాని నిర్మాణ వివరణ పత్రం రాసిస్తాడు, హైవే పోలీసులు భాగాల నంబర్లు సరిచూస్తారు, రాష్ట్రమే గుర్తింపు సంఖ్య కేటాయిస్తుంది. 2001లో చేసిన చట్టం కింద కాలుష్య ప్రమాణాల నుంచి ప్రత్యేక వెసులుబాటు ఏటా మొదటి 500 దరఖాస్తులకే. ఆ పరిమితి గమనించదగింది. అభిరుచికి తలుపు తెరిచారు, అది పరిశ్రమగా మారకుండా సంఖ్యతో కట్టడి చేశారు. ఇక పడవల సంగతి. తన కోసం పడవ కట్టుకున్న పౌరుడికి అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే పన్నెండు అక్షరాల పడవ గుర్తింపు సంఖ్య ఇస్తుంది. కంపెనీ కోడ్ ఉండాల్సిన చోట రాష్ట్రం పేరులోని రెండక్షరాలు, వాటి పక్కన ‘జడ్’ అక్షరం ఉంటాయి. చూడగానే ఇది ఇంట్లో కట్టినదని తెలిసిపోతుంది. ఐరోపా సమాఖ్య 2013లో చేసిన విహార పడవల చట్టం మరో పద్ధతి ఎంచుకుంది. సొంతానికి కట్టుకున్న పడవకు తయారీ ప్రమాణాల నుంచి మినహాయింపు ఇచ్చింది, కానీ నీటిలోకి దించిన నాటి నుంచి ఐదేళ్లలోపు దాన్ని అమ్మకానికి పెడితే ఆ మినహాయింపు పోతుంది. ఇంటి తయారీ ముసుగులో వ్యాపారం చేసేవాడిని ఆపడానికి ఇంతకన్నా సులువైన షరతు నాకు కనిపించలేదు.

ఇది సంపన్న దేశాల సౌఖ్యమని, మనకు సరిపడదని అనేవారున్నారు. వారికి జవాబు మన దేశంలోనే ఉంది. ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం నిర్మించారు. ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగాక పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2017 నవంబరులో దాన్ని రిజిస్టర్ చేసింది, 2019లో పరీక్షార్థం ఎగరడానికి అనుమతిచ్చింది. ఆకాశంలో ఎగిరే యంత్రం విషయంలో షరతులతో ఒప్పుకున్న రాజ్యం, గంటకు నలభై కిలోమీటర్లు పోయే బండి విషయంలో అసలు దరఖాస్తే తీసుకోలేనంటే అందులో హేతువు వెతకడం కష్టం.

ఇక పన్ను విషయం. ఇంట్లో తయారైన వస్తువు మీద ప్రభుత్వం ఎంత పన్ను, దేని మీద వేయాలి? వస్తు సేవల పన్ను సరఫరా మీద పడుతుంది. తన కోసం తాను చేసుకున్నది సరఫరా కాదు కనుక తయారైన బండి మీదగానీ పడవ మీదగానీ జీఎస్టీ ఉండదు, కొన్న సామాను మీదే ఉంటుంది. అమెరికా రాష్ట్రాల్లో చాలావరకు ఇదే సూత్రం. సామాను కొన్నప్పుడు అమ్మకం పన్ను కట్టిన రసీదులు చూపిస్తే చాలు. పన్ను కట్టకుండా తెచ్చిన భాగాలుంటే రిజిస్ట్రేషన్ సమయంలో వాటి విలువపై వినియోగ పన్ను వసూలు చేస్తారు. సొంత శ్రమకు విలువ కట్టి పన్ను వేయరు. మన రాష్ట్రాల్లో చిక్కు జీవిత పన్ను దగ్గర వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అది కంపెనీ బండి ధరను బట్టి శ్లాబులుగా లెక్కతేలుతుంది. ధర అనేదే లేని బండికి ఏ శ్లాబు? విడిభాగాల బిల్లుల మొత్తాన్నే ధరగా తీసుకోవడం, బిల్లులు లేనప్పుడు ఇంజిను సామర్థ్యాన్ని బట్టి కనీస పన్ను నిర్ణయించడం న్యాయంగా ఉంటుంది.

పన్నులో తేడా ఉంటే దాని చుట్టూ వ్యాపారం పుట్టుకొస్తుందన్నది బ్రిటన్ అనుభవం. అక్కడ 1973 దాకా పూర్తిగా బిగించిన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, భాగాలుగా అమ్మితే ఉండేది కాదు. లోటస్ సెవెన్ వంటి కార్లు పెట్టెల్లో భాగాలుగా అమ్ముడుపోవడానికి ప్రధాన కారణం అదే. ఆ ఏడాది ఏప్రిల్‌లో విలువ ఆధారిత పన్ను వచ్చి ఆ తేడా పోవడంతో లోటస్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది, సెవెన్ హక్కులు కేటర్‌హామ్‌కు దక్కాయి. మనకు ఆ భయం ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం, వాహన విడిభాగాల మీదా 18 శాతమే. కనుక 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిలు ఇంజిను, నాలుగు మీటర్ల లోపు పొడవు అనే చిన్న కారు కొలతలకే ఇంటి బండిని పరిమితం చేస్తే పన్ను ఎగవేతకు ఆస్కారం దాదాపు ఉండదు. 40 శాతం పన్ను పడే పెద్ద కార్లను భాగాలుగా తెచ్చి ఇంట్లో బిగించాననే వాళ్లకు తలుపు మూసినట్టే. ఖజానాకు నష్టమన్న అభ్యంతరం ఇక్కడితో తీరిపోతుంది.

పడవల విషయంలో మాత్రం అన్యాయం కళ్లకు కట్టినట్టు ఉంది. చేపల వేట పడవ మీద జీఎస్టీ 5 శాతం. దాన్ని మత్స్యకారుడు ఊళ్లోనే వడ్రంగిని పెట్టుకుని సొంతంగా కట్టుకుంటే ప్లైవుడ్‌కు 18 శాతం, ఫైబర్ పడవకు వాడే రెసిన్‌కు, గాజు పీచుకు 18 శాతం కట్టాలి. జీఎస్టీ నమోదున్న పడవల తయారీదారు అదే సామానుపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకుంటాడు, మిగిలితే వాపసు అడుగుతాడు. సొంతంగా కట్టుకున్నవాడికి ఆ హక్కు లేదు. లక్ష రూపాయల పడవలో అరవై వేలు సామాను అనుకుందాం. దాన్ని యార్డులో కొన్నవాడికి పడే పన్ను రూ.5,000. కట్టుకున్నవాడికి రూ.10,800. దీనికి పూర్తిగా తలకిందులు విహార పడవల సంగతి. యాట్ కొంటే 40 శాతం పన్ను, అదే సామాను తెచ్చుకుని సొంతంగా కట్టుకుంటే 18 శాతమే. అంటే ఒకే నియమం సరదాకు పడవ కట్టుకునే సంపన్నుడికి లాభం, పొట్టకూటికి కట్టుకునే గంగపుత్రుడికి నష్టం తెస్తోంది. కావాలని ఎవరూ ఇలా రాయలేదు. ఇంట్లో కట్టేవాడు చట్టం రాసినవారి దృష్టిలోనే లేకపోవడం వల్ల జరిగింది.

తెలుగు తీరానికి ఇది చిన్న విషయం కాదు. తాళ్లరేవు, కోరంగి ప్రాంతం సముద్రం మీద పోయే కొయ్య ఓడలు కట్టిన చోటు. తెప్పలు, నావలు నేటికీ తీరం వెంట ఊళ్లలో తయారవుతున్నాయి. ముంబయిపై 2008లో దాడి చేసిన ఉగ్రవాదులు చేపల పడవను స్వాధీనం చేసుకుని వచ్చారు. ఆ తర్వాత దేశమంతటా చేపల పడవలన్నిటికీ ఒకే తరహా నమోదు, రంగుల గుర్తులు, ఆన్‌లైన్ వివరాలు వచ్చాయి. పడవ పక్కన పెద్ద అక్షరాలతో కనిపించే ఐఎన్‌డీ-ఏపీ నంబరు ఆ క్రమంలోదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలపు భృతి, డీజిల్ రాయితీ ఆ నమోదును పట్టుకునే అందుతాయి. నంబరు లేని పడవ అంటే ఆ ఇంటికి రెండు నెలల ఆసరా పోయినట్టే. నమోదుకు ఎవరు కట్టారన్న ధ్రువపత్రం కావాలి. దాన్ని ఊరి వడ్రంగి కాగితం మీద రాసివ్వగలిగేలా, మత్స్యశాఖ సిబ్బంది రేవుకే వచ్చి పడవ చూసి సంతకం చేసేలా ఏర్పాటు ఉండాలి. ఏ ఊళ్లో ఆ పని సాఫీగా సాగుతుందో, ఏ ఊళ్లో దళారీ చేతిలో పడుతుందో ఇప్పుడు స్థానిక అధికారి మంచితనాన్ని బట్టి ఉంది.

నదుల మీద పరిస్థితి వేరు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్గత నౌకల చట్టం యంత్రంతో నడిచే పడవలకు దేశవ్యాప్తంగా చెల్లే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యంత్రం లేని పడవలను జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయిలో నమోదుచేసే వీలు కల్పించింది. ప్రమాదం ఎంత ఉందో నియంత్రణ అంతే ఉండాలన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. 2017 నవంబరులో కృష్ణానది పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరాలను గుర్తుచేసుకుంటే ఇది మరింత స్పష్టమవుతుంది. కృష్ణలో మునిగింది పర్యాటకులను తిప్పే అనుమతి లేని పడవ. కచ్చులూరు దగ్గర వరద ఉధృతిలో మునిగింది పాపికొండల పర్యాటకులతో వెళ్తున్న పడవ. రెండుచోట్లా ప్రాణాలు పోయింది డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకున్న పడవల్లో. సొంతానికి వల వేసుకునే తెప్పను, టికెట్టు కొట్టే లాంచీని ఒకే గాటన కడితే అసలు ప్రమాదం ఉన్నచోట తనిఖీ పలచబడుతుంది. ఇంట్లో కట్టిన పడవకు గానీ బండికి గానీ కిరాయి ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు ఎన్నటికీ ఇవ్వకూడదు. ఈ ఒక్క విషయంలో సడలింపు అడగడం తప్పు.

మరి రోడ్డు వాహనాలకు ఏం చేయాలి? కొత్త చట్టం అక్కర్లేదు. 2019 సవరణతో చేరిన 2బి సెక్షన్, వాహన ఇంజినీరింగ్‌లో ఆవిష్కరణలను, పరిశోధనను ప్రోత్సహించడానికి కొన్ని రకాల వాహనాలను షరతులతో చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఇంట్లో తయారైన వాహనాలు ఇంతవరకు దాని కిందికి రాలేదు. ఆ సెక్షన్ కింద స్వయం నిర్మిత వాహనమనే తరగతిని ప్రకటించవచ్చు. ఒక వ్యక్తికి ఒక్కటే బండి, చిన్న కారు కొలతలు, గరిష్ఠ వేగం మీద పరిమితి, జాతీయ రహదారుల మీద నిషేధం, ఐదేళ్ల దాకా అమ్మకం కుదరదు. రవాణా శాఖే చాసిస్ సంఖ్య కేటాయించాలి. దూరం నుంచే గుర్తుపట్టేలా నంబరు ప్లేటు వేరుగా ఉండాలి. తనిఖీకి పుణె దాకా పోనక్కర్లేకుండా, రాష్ట్రాల్లో ఏర్పాటవుతున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో బ్రేకులు, పొగ, దీపాలు చూడవచ్చు. చట్రం, వెల్డింగ్ పరిశీలన ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలల మెకానికల్ విభాగాలకు అప్పగించవచ్చు. మన కళాశాలల విద్యార్థులు 2007 నుంచి బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలకు ఏటా బండ్లు కడుతున్నారు. ఆ బండ్లకు బ్రేకు పరీక్షలు, భద్రతా పంజరం పరీక్షలు అక్కడే జరుగుతాయి. ఒక్క బండిని పరీక్షించడం తెలిసినవాళ్లు మనకు లేరనడానికి వీల్లేదు.

బీమా అడ్డంకి అనుకున్నంత పెద్దది కాదు. 146వ సెక్షన్ కింద తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా ప్రీమియాన్ని ప్రైవేటు కార్లకు ఇంజిను సామర్థ్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి రూ.2,094. కారు ఏ కంపెనీదన్నది ఆ లెక్కలోకి రాదు. స్వయం నిర్మిత వాహనానికి కొంత ఎక్కువ రేటు పెట్టినా తయారుచేసినవాడు సంతోషంగా కడతాడు. అప్పుడు చక్రాల కింద పడినవాడికి పరిహారం దొరుకుతుంది. ఈ రోజు నంబరు లేకుండా పల్లె రోడ్ల మీద తిరిగే బండి గుద్దితే అతనికి దక్కేది ఏమీ లేదు. రోడ్డు భద్రత పేరుతో ఈ సంస్కరణను వ్యతిరేకించేవారు ముందుగా ఆలోచించాల్సింది ఈ బాధితుడి గురించి.

ఎలక్ట్రిక్ బండ్ల వల్ల ఈ ప్రశ్న ఇక ఆగేది కాదు. మోటారు, బ్యాటరీ, కంట్రోలర్ ఏ పట్టణంలోనైనా దొరుకుతున్నాయి. ఇంజిను తిరగేసి బిగించే నేర్పు లేనివాడు కూడా బండి చేసుకోగలుగుతున్నాడు. 0.25 కిలోవాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ ద్విచక్ర వాహనాన్ని మోటారు వాహనంగా లెక్కించరని నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆ సంగతిని కూడా 126వ నిబంధనలో పేర్కొన్న పరీక్షా సంస్థే ధ్రువీకరించాలి. సైకిలుకు మోటారు బిగించుకున్న కుర్రాడు ఆ ధ్రువీకరణ కోసం ఎక్కడికి పోతాడు? పోడు కనుక, తెలియకుండానే చట్టాన్ని ఉల్లంఘిస్తాడు. నాసిరకం బ్యాటరీలు అంటుకుని ఇళ్లలో మంటలు రేగిన సంఘటనలు మన నగరాల్లో చూశాం. ఇంటి తయారీని దాక్కోవాల్సిన పనిగా ఉంచితే బ్యాటరీ ఎలా బిగించాలో చెప్పేవాడి దగ్గరికి ఎవరూ రారు.

కేంద్ర రవాణా శాఖ 2బి కింద ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయం కోరాలి. జీఎస్టీ మండలిలో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రి చేపల పడవ సామాను సంగతి లేవనెత్తాలి. నమోదైన మత్స్యకారుడు సొంతంగా పడవ కట్టుకుంటే బిల్లుల మీద 5 శాతానికి మించిన పన్ను వాపసు ఇవ్వడానికి వ్యవస్థలో పెద్ద మార్పులేమీ అవసరం లేదు. విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. భద్రమైన చిన్న పడవల నమూనాలను తెలుగులో, కొలతలతో సహా తీరగ్రామాలకు చేర్చే పని దానికి అప్పగించాలి. జీవిత పన్ను రెండు తెలుగు రాష్ట్రాల చేతిలోని విషయమే, దానికి కేంద్రం కోసం చూడనక్కర్లేదు. స్వయం నిర్మిత వాహనానికి పన్ను ఎలా లెక్కించాలో ఒక్క ఉత్తర్వుతో తేల్చవచ్చు. ముందుగా ఆ ఉత్తర్వు ఇవ్వండి.